ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి పంపండి

మీరు ఒక వస్తువు అమ్మకానికి పెట్టారు. కొంటానన్న మనిషి మీరు అడిగిన ధరకు నాలుగింతల డబ్బు పంపాడు. సంతోషపడాలా, భయపడాలా?

ఇరవై పాతికేళ్ల కిందట అమెరికాలో చాలామందికి ఇలాగే డబ్బు వచ్చింది. ముందు ఆశ్చర్యపోయారు. తర్వాత నిజాయితీగా ఎక్కువ డబ్బు తిరిగి పంపించారు. ఆ తర్వాత లబోదిబోమన్నారు. వాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, కంప్యూటర్ కంపెనీల్లో పనిచేసేవాళ్లున్నారు, బ్యాంకు వ్యవహారం బాగా తెలుసనుకున్నవాళ్లూ ఉన్నారు. అదే మోసం ఇవాళ దుబాయ్‌లో, కువైట్‌లో, కరీంనగర్‌లో, కడపలో వేషం మార్చుకుని తిరుగుతోంది. చెక్కు పోయి సెల్‌ఫోన్ వచ్చింది. మాట మాత్రం మారలేదు: "పొరపాటున ఎక్కువ పంపాను అన్నా, మిగతాది తిరిగి పంపు." గది ఖాళీ చేసి, సామాను అమ్ముకుని ఇంటికి బయలుదేరే మనవాళ్లకు ఈ మాట వినబడే అవకాశం ఎక్కువ. అందుకే ఈ వారం దాని పుట్టుక చెబుతాను.

ఐదు ఊళ్లు కలిసిన ఊరు

నేనుండే ఫ్రీమాంట్ కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఉంది. సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్లు 1956 జనవరిలో కలిసి ఒక పట్టణమయ్యాయి. అంతకుముందు ఇక్కడంతా పండ్లతోటలు, పొలాలు. నైల్స్‌లో 1915లో చార్లీ చాప్లిన్ సినిమాలు తీశాడు. ఇప్పుడు ఆ వీధిలో పాత సామాన్ల దుకాణాలు కనిపిస్తాయి. జనరల్ మోటార్స్, టయోటా కలిసి 1984 నుంచి 2010 దాకా నడిపిన కార్ల ఫ్యాక్టరీలో ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి. 1990ల నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన తెలుగువాళ్లు ఈ ఊళ్లో బాగా స్థిరపడ్డారు.

పాత సామాను నెట్‌లో అమ్ముకోవడం అనే అలవాటు కూడా మా చుట్టుపక్కలే పుట్టింది. ఫ్రీమాంట్‌కు దక్షిణంగా కొంచెం దూరంలో ఉన్న శాన్ హోసేలో 1995 సెప్టెంబరులో పియెర్ ఒమిడ్యార్ అనే ఇంజనీరు నెట్‌లో వేలంపాట మొదలుపెట్టాడు. అదే తర్వాత ఈబే అయింది. మొదట అమ్ముడుపోయిన వస్తువుల్లో ఒకటి పాడైపోయిన లేజర్ పాయింటర్. 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. పాడైందని తెలిసే కొన్నాడట కొన్నాయన! అదే 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ తన స్నేహితులకు ఊళ్లో జరిగే సంగతులు ఈమెయిల్‌లో పంపడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి ఇల్లు అద్దెకు, మంచం అమ్మకానికి, ఉద్యోగం కావాలి అని చెప్పుకునే క్రెయిగ్స్‌లిస్ట్ అయింది. డంబార్టన్ వంతెన మీదుగా అఖాతం దాటి కాస్త పోతే పాలో ఆల్టో వస్తుంది. ఈమెయిల్ ద్వారా డబ్బు పంపే పేపాల్‌కు మూలమైన కంపెనీ అక్కడ 1998లో పుట్టింది.

అమ్మేచోటు, కొనేవాడు, డబ్బు పంపే దారి అన్నీ ఒక్క చుట్టుపక్కలే తయారయ్యాయి. ఒక్కటే తక్కువ. అమ్మేవాడికి, కొనేవాడికి మొహం తెలియదు.

మొహం తెలియనివాడితో బేరం

ఈ ఇబ్బంది నెట్‌తో వచ్చింది కాదు. మన దేశంలో వర్తకులు వందల ఏళ్ల కిందటే దీనికి మందు కనిపెట్టారు. హుండీ అంటే ఇప్పుడు మన క్యాంపుల్లో దొంగచాటుగా డబ్బు పంపే దారి అనే అర్థం వాడుకలో ఉంది. పాత హుండీ అది కాదు. ఒక ఊరి షావుకారు ఇంకో ఊరి షావుకారుకు "ఈ కాగితం తెచ్చినవాళ్లకు ఇంత సొమ్ము ఇవ్వు" అని రాసిచ్చే చీటీ. అందులో షాజోగ్ హుండీ అని ఒక రకం ఉండేది. షా అంటే బజారులో పేరున్న వర్తకుడు. ఆ చీటీ మీద సొమ్ము అలాంటి వర్తకుడి చేతికే ఇవ్వాలి, దారినపోయే దానయ్యకు ఇవ్వకూడదు. రేపు ఆ చీటీ దొంగదని తేలితే సొమ్ము తీసుకున్న షా దాన్ని వెనక్కి కక్కాలి. అంటే కాగితం దొంగదైతే నష్టం ఎవరు భరించాలో ముందే తేల్చుకునేవాళ్లు. పైగా ఆ మనిషి అందరికీ తెలిసిన మనిషి, రాత్రికి రాత్రి ఊరు విడిచి పారిపోయే రకం కాదు.

తర్వాత పోస్టాఫీసు వచ్చింది. 1877లో వీపీపీ మొదలైంది. వస్తువు పోస్టులో వస్తుంది, పోస్ట్‌మ్యాన్ డబ్బు తీసుకున్నాకే మూట చేతికిస్తాడు, ఆ డబ్బు అమ్మినవాడికి చేరుస్తాడు. 1880 నుంచి పోస్టాఫీసులు మనీఆర్డర్లు నడిపాయి. బొంబాయి మిల్లుల నుంచి, బొగ్గు గనుల నుంచి తెలుగు పల్లెలకు డబ్బు చేరింది ఈ దారినే. మనీఆర్డరులో మంచి గుణం ఒకటుంది. పంపేవాడు రొక్కం ముందే కట్టాలి. పోస్ట్‌మ్యాన్ లెక్కపెట్టి చేతిలో పెట్టాడంటే ఆ డబ్బు మనది, మళ్లీ వచ్చి పట్టుకుపోయేవాడు లేడు. వీపీపీలో గడియారం అని చెప్పి గులకరాళ్లు పంపిన ఘనులు ఉండవచ్చు, అది వేరే సంగతి. అక్కడ మోసపోయేది కొన్నవాడు. అమ్మినవాడికి వచ్చిన డబ్బు మాత్రం ఖాయం.

చెక్కు అలా కాదు. చెక్కు అంటే డబ్బు కాదు, డబ్బు ఇస్తామనే మాట. ఆ మాట నిజమో కాదో రాసినవాడి బ్యాంకుకు చేరాకే తేలుతుంది.

మంచి కోసం చేసిన చట్టం

1980లలో అమెరికా జనానికి బ్యాంకుల మీద ఒక పెద్ద ఫిర్యాదు ఉండేది. చెక్కు వేస్తే రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఆ డబ్బు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. చెక్కు కాగితాలు సంచుల్లో, లారీల్లో, విమానాల్లో ఊరూరా తిరిగి రాసినవాడి బ్యాంకుకు చేరాలి కాబట్టి ఆలస్యం అన్నది బ్యాంకుల వాదన. ఆలస్యం పేరు చెప్పి మా డబ్బు మీద మీరు వడ్డీ తింటున్నారన్నది జనం వాదన. ఇద్దరి మాటలోనూ నిజముంది. జీతం చెక్కు మీద బతికేవాడికి వారం ఆగమంటే ఎలా? ఇంటద్దె ఆగుతుందా?

చివరికి 1987 ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 1988 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. చెక్కు వేసిన ఇన్ని రోజుల్లోగా ఖాతాదారుకు డబ్బు వాడుకోనివ్వాలి అని బ్యాంకులకు గడువు పెట్టింది. ప్రభుత్వం ఇచ్చే చెక్కులకు, బ్యాంకు తన పూచీ మీద రాసిచ్చే క్యాషియర్స్ చెక్కులకు మామూలుగా మరుసటి పనిదినమే. ఈ క్యాషియర్స్ చెక్కు మన డీడీ లాంటిది, గల్ఫ్‌లో మేనేజర్స్ చెక్కు అంటారే, అలాంటిది. బ్యాంకే పూచీ పడింది కాబట్టి అనుమానం ఉండదని దానికి తక్కువ గడువు పెట్టారు.

మంచి ఉద్దేశంతో చేసిన చట్టమే. నా మటుకు దాన్ని తప్పు పట్టను. కానీ దానివల్ల ఒక సందు ఏర్పడింది. బ్యాంకు రెండో రోజు డబ్బు వాడుకోనిస్తుంది. ఆ చెక్కు నకిలీదని తేలడానికి వారమో రెండు వారాలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పట్టవచ్చు. ఈ మధ్యలో మీ ఖాతాలో కనిపించే అంకె బ్యాంకు మిమ్మల్ని నమ్మి ముందుగా ఇచ్చిన సొమ్ము. చెక్కు తిరిగొస్తే ఆ సొమ్ము మీరే కట్టాలి. చట్టం అలాగే ఉంది. ఖాతాలో డబ్బు కనిపించడం వేరు, డబ్బు రావడం వేరు.

మామూలు జనానికి ఈ తేడా తెలియదు. కౌంటర్లో గుమస్తాను "డబ్బు వచ్చిందా?" అని అడిగితే కంప్యూటర్‌లో చూసి "ఉంది, తీసుకోవచ్చు" అంటాడు. అబద్ధం కాదు. అడిగిన ప్రశ్నకు అదే జవాబు. "ఈ చెక్కు రాసిన బ్యాంకు డబ్బు కట్టేసిందా? ఇక ఇది వెనక్కి పోదు కదా?" అని అడిగితేనే వేరే జవాబు వస్తుంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో విమానాలు ఆగిపోయాయి. చెక్కుల సంచులూ ఆగిపోయాయి. కాగితం మోయడం బదులు దాని ఫోటో పంపితే చాలని 2003 అక్టోబరు 28న కొత్త చట్టం మీద సంతకం అయింది, సరిగ్గా ఏడాదికి అమల్లోకి వచ్చింది. చెక్కు ప్రయాణం వేగం పుంజుకుంది. అయినా సందు పూర్తిగా మూతపడలేదు. మోసగాళ్లు ఒక బ్యాంకు పేరు అచ్చువేసి, కింద ఇంకో బ్యాంకు నంబరు వేసేవాళ్లు. ఆ చెక్కు దారితప్పి తిరిగి తిరిగి వచ్చేసరికి వాళ్లకు కావాల్సిన రోజులు దొరికేవి.

టికెట్ కొనుక్కున్నవాడి తొందర

ఇప్పుడు 2001కి వద్దాం. అమెరికా హెచ్1బి వీసాల కోటా 1999, 2000 సంవత్సరాలకు 1,15,000 ఉంటే, 2001 నుంచి 2003 దాకా ఏటా 1,95,000కు పెంచారు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ కంపెనీల బుడగ పేలింది. నాస్‌డాక్ షేర్లు 2000 మార్చిలో కొండెక్కి, అక్కడి నుంచి దొర్లుకుంటూ వచ్చాయి. ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్‌లో ఉద్యోగాలు ఊడాయి. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇప్పుడు 60 రోజుల దాకా గడువుంది. ఆ నిబంధన 2017 జనవరిలో వచ్చింది. అప్పట్లో అది లేదు. ఉద్యోగం పోయిందంటే వీసా పోయినట్టే. ఎగ్జిట్ పడ్డ మనిషి పరిస్థితి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మంచం, పరుపు, సోఫా, టీవీ, పాత కారు అన్నీ అమ్మేయాలి. ఇండియన్ కిరాణా కొట్టు గోడ మీద చీటీ అంటించేవాళ్లు, గుడి దగ్గర నలుగురికి చెప్పేవాళ్లు, నెట్‌లో ప్రకటన పెట్టేవాళ్లు. ఇలాంటి ప్రకటనలే మోసగాళ్లకు కావాలి. "ఊరు విడిచి వెళ్తున్నాం, వెంటనే అమ్మాలి" అని రాసి ఉంటే ఇంకా మంచిది. వెంటనే అమ్మాల్సినవాడు ఎక్కువ ప్రశ్నలు వేయడు.

లెక్క ఇలా నడిచేది. సామాను మొత్తం 400 డాలర్లు అని ప్రకటన పెడతారు. ఎక్కడో దూరాన ఉన్నానంటూ ఒకాయన ఈమెయిల్ రాస్తాడు. బేరం ఆడడు, సామాను చూస్తాననడు, ఫోటో కూడా అడగడు. "చెక్కు పంపుతున్నాను, నా మనుషులు లారీ తెచ్చి తీసుకెళ్తారు" అంటాడు. వచ్చిన చెక్కు మాత్రం 1,600 డాలర్లకు ఉంటుంది. "నాకు బాకీ ఉన్నవాడు పొరపాటున మొత్తం మీ పేరున రాశాడు. మీ 400 ఉంచుకోండి, శ్రమకు ఇంకో 50 తీసుకోండి, మిగతాది లారీవాడికి వెస్టర్న్ యూనియన్‌లో పంపండి. వాడికి ఇవాళే అందాలి" అంటాడు. బ్యాంకులో వేస్తే మర్నాడు డబ్బు కనిపిస్తుంది. పంపుతారు. పది రోజులకు బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. చెక్కు నకిలీ, 1,600 వెనక్కి తీసుకున్నాం, ఖాతాలో డబ్బు చాలలేదు, వెంటనే కట్టండి. సామాను మాత్రం ఇంట్లోనే ఉంటుంది. దానికోసం ఎవరూ రారు. వాడికి మంచం అక్కర్లేదు, మీరు పంపే 1,150 డాలర్లు కావాలి.

ఇందులో కిటుకు ఒక్కటే. వాడి డబ్బు వెనక్కి తిరిగే దారిలో మీ దగ్గరకు వస్తుంది. మీ డబ్బు వెనక్కి తిరగని దారిలో వాడి దగ్గరకు పోతుంది. చెక్కు తిరిగొస్తుంది. కౌంటర్లో కట్టి పంపిన రొక్కం అవతల ఎవడో చేతికి తీసుకున్నాక తిరిగిరాదు.

ఆశకు పోతే మోసపోతారు అని మనం అంటుంటాం. స్పెయిన్ జైల్లో ధనవంతుడున్నాడు, విడిపించడానికి సాయం చేస్తే నిధిలో వాటా ఇస్తాడు అనే ఉత్తరాలు అమెరికాకు వస్తున్నాయని 1898లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. నైజీరియా నుంచి వచ్చిన ఉత్తరాలూ ఆ కోవలోవే. వాటికి ఆశే ఎర. ఈ ఎక్కువ డబ్బు మోసానికి ఎర నిజాయితీ. పరాయి సొమ్ము మనకెందుకు, వాడి డబ్బు వాడికి ఇచ్చేద్దాం అనుకున్నవాడే బోల్తా పడతాడు. 1,600 నొక్కేసి ఊరుకుందాం అనుకున్న దొంగబుద్ధి గలవాడికి పోయేదేమీ లేదు. అందుకే నష్టపోయినవాళ్లను చూసి గదిలో నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. నవ్వుతారని భయపడి పోయినవాడు నోరు విప్పడు, పక్క మంచం మీదున్నవాడు మర్నెల అదే గోతిలో పడతాడు.

ఎంత పెద్ద వ్యాపారమో 2007 అక్టోబరులో బయటపడింది. అమెరికా పోస్టల్ ఇన్‌స్పెక్టర్లు ఇతర దేశాల పోలీసులతో కలిసి కొన్ని నెలల్లో పట్టుకున్న నకిలీ చెక్కుల మీద రాసి ఉన్న విలువ 200 కోట్ల డాలర్లు దాటింది. నెదర్లాండ్స్, నైజీరియా, కెనడాల్లో కలిపి 77 మందిని అరెస్టు చేశారు. అయినా ఆగలేదు. 2019లో నకిలీ చెక్కుల వల్ల పోయిందని జనం చెప్పుకున్న మొత్తం 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పైమాటే అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క తేల్చింది. ముసలివాళ్లకన్నా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే ఎక్కువగా చిక్కుకున్నారు. చెక్కు ఎలా నడుస్తుందో వాళ్లకు తెలియకపోవడమే కారణమై ఉంటుంది.

చెక్కు పోయింది, మాట మిగిలింది

మన దేశంలో 2016లో యూపీఐ వచ్చింది. డబ్బు క్షణంలో ఖాతా మారుతుంది, వారం సందు లేదు. మోసం చచ్చిపోయిందనుకోవాలి. కానీ మోసగాడు సందును బ్యాంకులోంచి తీసి మన కళ్లకూ ఫోన్‌కూ మధ్య పెట్టాడు.

ఓఎల్ఎక్స్‌లో పాత ఫ్రిజ్ పెడితే ఫోన్ వస్తుంది. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను, ఫ్రిజ్ కావాలి, డబ్బు ఇప్పుడే పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. స్కాన్ చేస్తే డబ్బు రాదు, పోతుంది. పోయిందని అరిస్తే "అయ్యో పొరపాటు, తిరిగి పంపుతాను, ఇంకోసారి స్కాన్ చేయండి" అంటాడు. మళ్లీ పోతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చుట్టుపక్కల గ్రామాల నుంచి ఈ ఫోన్లు ఎక్కువగా వచ్చేవి. 2020లో హైదరాబాద్ పోలీసులు అంతదూరం వెళ్లి ముఠాలను పట్టుకొచ్చారు. డబ్బు ఇవ్వమని ఎదుటివాడి ఫోన్‌కు పంపే 'కలెక్ట్' అభ్యర్థనను కూడా ఇలాగే వాడుకున్నారు. అది మనుషుల మధ్య పనిచేయకుండా 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. క్యూఆర్ మాత్రం ఉంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే పోయేది మన డబ్బే.

ఇంకో వేషం మెసేజ్. బ్యాంకు నుంచి వచ్చినట్టే రాసి ఉంటుంది, మీ ఖాతాలో 20,000 జమ అయిందని. వెనకే ఫోన్: "2,000 పంపబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టాను, ఆసుపత్రిలో ఉన్నాను, 18,000 తిరిగి వేయండి." నిజానికి ఖాతాలో ఏమీ పడదు. మెసేజ్ మామూలు సెల్ నంబరు నుంచి వచ్చి ఉంటుంది. ఇంటి దగ్గర ఆడవాళ్లకు "మీ ఆయన నాకు ఇవ్వాల్సిన డబ్బు కాదమ్మా, నేనే మీ ఆయనకు ఇవ్వాలి" అని మొదలుపెట్టి ఇదే నాటకం ఆడతారు. మీరు ఇక్కడ డ్యూటీలో ఉంటారు, ఫోన్ ఎత్తలేరు. అది వాళ్లకు తెలుసు.

అమెరికాలో 2017లో జెల్ అనే బ్యాంకుల సర్వీసు వచ్చాక కూడా ఇదే పాట. "మీది మామూలు ఖాతా కాబట్టి డబ్బు ఆగిపోయింది, బిజినెస్ ఖాతాగా మార్చడానికి నేను 300 ఎక్కువ పంపాను, అది తిరిగి ఇవ్వండి" అంటూ కంపెనీ పంపినట్టే ఈమెయిల్ కూడా పంపుతారు. మన దేశం నుంచి కొందరు కాల్ సెంటర్ పెట్టి అమెరికా ముసలివాళ్లకు ఫోన్ చేసి, 200 రీఫండ్ ఇవ్వబోయి 20,000 పంపేశాను, నా ఉద్యోగం పోతుంది అని ఏడ్చేవాళ్లు. ఇలాంటి ముఠాల మీద 2022లో సీబీఐ ఆపరేషన్ చక్ర పేరుతో సోదాలు చేసింది. మన పేరు చెడగొట్టే పని. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయాలి.

డబ్బు నిజంగానే వస్తే?

అన్నిటికన్నా ప్రమాదం ఇది. ఖాతా తెరిచి చూస్తే ఎక్కువ డబ్బు నిజంగానే ఉంటుంది. అది ఎవరిదో ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బు కావచ్చు. వాడు దాన్ని మీ ఖాతాలోకి తోసి, మీ చేత ఇంకో ఖాతాకు పంపిస్తాడు. పోగొట్టుకున్నవాడు ఫిర్యాదు చేస్తే పోలీసులకు కనిపించేది మీ పేరు, మీ ఖాతా. మన దేశంలో ఇలా ఫ్రీజ్ అయిన ఖాతాలు చాలా ఉన్నాయి. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో ఖాతా ఆగిపోతే క్యాంపులో ఉన్నవాడు ఏ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతాడు? గల్ఫ్‌లో అయితే కేసు తేలేదాకా ప్రయాణమే ఆగిపోవచ్చు.

అందుకని అవతలివాడు ఎంత ప్రాధేయపడ్డా మీ చేత్తో తిరిగి పంపవద్దు. "మీ బ్యాంకుకు చెప్పుకోండి, మా బ్యాంకు వచ్చిన దారిలోనే వెనక్కి పంపుతుంది" అనండి. మీ బ్యాంకుకు మీరే కాగితం మీద రాసి చెప్పండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. నిజంగా పొరపాటు చేసినవాడు దీనికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోకుండా తిట్టినా, పోలీసులని బెదిరించినా వాడెవడో మీకు తెలిసిపోయినట్టే. డబ్బు ఇంకా వేరే మనిషికి, వేరే నంబరుకు పంపమన్నాడంటే ఆలోచించాల్సిందే లేదు.

అమ్మకం సంగతికొస్తే, దుబాయ్‌లో 2005లో డుబిజిల్ వచ్చిన దగ్గర్నుంచి మనవాళ్లూ ఫోన్లు, సైకిళ్లు, కూలర్లు నెట్‌లో పెట్టి అమ్ముతున్నారు. ఫోటో చూపించి డబ్బు వేశానంటే నమ్మొద్దు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి మొత్తం చూసుకోండి. కొన్నవాడి ఫోన్‌లో కనిపించేది వాడి సినిమా. చెక్కు, అది మేనేజర్స్ చెక్కు అయినా సరే, సెలవు రోజు ముందు సాయంత్రం తెచ్చి మిషన్‌లో వేసి రసీదు చేతిలో పెడితే వస్తువు ఇవ్వకండి. పనిదినం, బ్యాంకు తెరిచి ఉన్న వేళ, ఇద్దరూ కలిసి కౌంటర్ దగ్గరకు పోవడానికి వాడు సిద్ధమైతే మంచిదే. చిన్న సామానుకు అన్నిటికన్నా రొక్కం మేలు. పగటిపూట, నలుగురూ తిరిగేచోట, తోడు ఒకరిని పెట్టుకుని. క్రెయిగ్స్‌లిస్ట్ కూడా ఎన్నో ఏళ్లుగా తన పేజీల్లో చెబుతున్నది ఇదే: ఊళ్లోవాళ్లతో, ఎదురుగా కూర్చుని బేరం చేసుకుంటే దాదాపు అన్ని మోసాలూ తప్పుతాయని. మొహం చూడకుండా అమ్ముకునే బజారు కట్టినవాళ్లే మొహం చూసి అమ్ముకోండి అంటున్నారు!

టికెట్ తేదీ దగ్గరపడిందని ప్రకటనలో రాయకండి. చివరి వారం దాకా ఆగకుండా నెల ముందే అమ్మడం మొదలుపెట్టండి. అప్పుడు కొనేవాడి తొందర మీ తొందర కాదు.

ఒకవేళ డబ్బు పోయిందనుకోండి. మన దేశపు ఖాతాలోంచి పోతే ఇంటివాళ్ల చేత వెంటనే 1930కి ఫోన్ చేయించండి, లేదా ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి. గంటలు ముఖ్యం. డబ్బు ఇంకో ఖాతాలో ఉండగానే ఆపగలిగితే కొంతైనా దక్కుతుంది. దుబాయ్‌లో ఉంటే పోలీసుల 901 నంబరు ఉంది. రసీదు, మెసేజ్‌లు, అవతలివాడి నంబరు ఏదీ చెరిపేయకండి.

ఎప్పుడో పోయిన డబ్బుకు ఇప్పుడు ఫిర్యాదెందుకు అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. చెక్కుల మోసాల్లో జనం పంపిన రొక్కం ఎక్కువగా వెస్టర్న్ యూనియన్, మనీగ్రామ్ కౌంటర్ల ద్వారానే పోయింది. కొందరు ఏజెంట్లు మోసగాళ్లతో కుమ్మక్కయ్యారని తెలిసినా కంపెనీలు పట్టించుకోలేదని అమెరికా ప్రభుత్వం కేసులు పెట్టింది. మనీగ్రామ్ 2012లో 10 కోట్ల డాలర్లు, 2018లో ఇంకో 12 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. వెస్టర్న్ యూనియన్ 2017 జనవరిలో నేరం ఒప్పుకుని 58 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టింది. ఆ డబ్బును మోసపోయినవాళ్లకు పంచారు. 2004 జనవరి 1 నుంచి 2017 జనవరి 19 మధ్య డబ్బు పంపి మోసపోయినవాళ్లు అర్జీ పెట్టుకోవచ్చన్నారు. చెల్లింపులు 2020 మార్చిలో మొదలయ్యాయి. అప్పట్లో సిగ్గుపడకుండా కంపెనీకో, ప్రభుత్వానికో ఫిర్యాదు చేసి పేరు రాయించుకున్నవాళ్లలో చాలామందికి అర్జీ ఫారం పోస్టులో ఇంటికే వచ్చింది.